ఇంట్లో రకరకాల టీలు రుచి చూసి పోల్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో నెలకో ఆదివారం సాయంత్రం అయిదారుగురం చేరి టీలు రుచి చూస్తాం. మా అత్తయ్య, తోడికోడలు, పై వాటాలో ఉండే మాస్టారు దంపతులు, వీలైనప్పుడు గుంటూరు నుంచి మా పిన్ని. కొత్తగా వచ్చినవాళ్లు ప్రతిసారీ దాదాపు ఇవే అడుగుతుంటారు. ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తాయని జవాబులు రాశాను.

టీ అంటే టీయే కదా, పోల్చి చూడటానికి అంత ఏముంది?

ఒక్క టీ తాగితే బాగుంది, బాగాలేదు అనే రెండు మాటలతో అయిపోతుంది. అదే రెండు కప్పులు పక్కపక్కన పెట్టుకుని ఇదొక గుక్క, అదొక గుక్క తాగి చూడండి. ఒకటి నాలుకను పట్టేస్తుంది, ఇంకోటి జారిపోతుంది. ఒకదాని వాసన గొంతు దిగాక కూడా ఉంటుంది. రసం మామిడిపండు పక్కన బంగినపల్లి ముక్క పెడితే కళ్లు మూసుకుని తేడా చెప్పేస్తాం. టీ విషయంలో మనకు ఆ అలవాటు పడలేదంతే.

అలవాటు పడకపోవడానికి కారణం కూడా ఉంది. మనం రోజూ వాడే గుళికల్లాంటి పొడిని సీటీసీ అంటారు. ఆకును నలిపి, చింపి, చుట్టే ఈ పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. ఆ పొడి గబగబా రంగు దిగుతుంది, పాలు పోసినా దాని గట్టిదనం పోదు. మన టీకి అది సరిగ్గా సరిపోయింది కాబట్టి మిగతా రకాల జోలికి పెద్దగా వెళ్లలేదు.

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, వైట్ టీ వేరువేరు మొక్కలా?

కాదు. అన్నీ ఒకే తేయాకు మొక్క, కమీలియా సైనెన్సిస్. కోసిన ఆకును గాలికి ఎంత మాగనిచ్చారన్నదే తేడా. వెంటనే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా మాగనిస్తే బ్లాక్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. లేత మొగ్గల్ని పెద్దగా కదిలించకుండా వాడ్చి ఆరబెడితే వైట్ టీ.

మరి ఫ్లేవర్డ్ టీ అంటే?

వీటిలో దేనికైనా బయటి వాసన పట్టించినది. అల్లం టీ, ఇలాచీ టీ కూడా ఆ లెక్కలోవే, కాకపోతే మనం వాటిని పొయ్యి మీదే చేసుకుంటాం. దుకాణంలో ఎక్కువగా కనిపించే ఎర్ల్ గ్రే అంటే బ్లాక్ టీకి బెర్గమోట్ తొక్క నూనె పట్టించినది. బెర్గమోట్ ఇటలీ దక్షిణాన కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండుతుంది. నిమ్మకూ, మనం పులిహోరకు వాడే పుల్ల నారింజకూ సంకరంగా పుట్టిన పండు అంటారు. అందుకే మొదటిసారి వాసన చూడగానే మా అత్తయ్య "ఇది నారింజ తొక్కే కదే!" అంది. సరిగ్గా పట్టుకుంది.

లాప్సాంగ్ సూచోంగ్ అని చైనాలోని ఫుజియన్ రాష్ట్రపు టీ ఉంది. దాన్ని పైన్ కట్టెల పొగకు ఆరబెడతారు. కశ్మీరీ కహ్వాలో గ్రీన్ టీతో పాటు కుంకుమపువ్వు, యాలకులు, బాదం ఉంటాయి. ఈ మూడింటినీ మీరు ఒకసారైనా రుచి చూడాలని నా కోరిక.

మందార టీ, చామంతి టీ, తులసి టీ కూడా పోల్చవచ్చా?

వాటిలో తేయాకు ఉండదు, అవి కషాయాలు. వాటిని వాటితోనే పోల్చండి, తేయాకు టీల మధ్య పెట్టకండి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఖరీదైన డబ్బాల్లో "హైబిస్కస్ టీ" అని అమ్మేది మన పెరటి ముద్దమందారం కాదు. అది హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మన ఎర్ర గోంగూర. పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి, కండగల రక్షక పత్రాల్ని ఎండబెట్టి అమ్ముతారు. గుంటూరులో గోంగూర పచ్చడి తింటూ పెరిగిన మా పిన్నికి ఈ సంగతి తెలిసిన రోజున ఎంత సంతోషించిందో! కప్పు నోట్లో పెట్టగానే ఆ పులుపు ఎక్కడిదో ఆవిడకు ఇట్టే తెలిసిపోయింది. బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం దీన్ని రోజూ తాగే ముందు డాక్టరును అడగాలి, ఇది బీపీని కొంత తగ్గించగలదు.

మొదటిసారి ఎన్ని రకాలు పెట్టుకోవాలి?

మూడు. నాలుగు దాటితే నాలుక మొద్దుబారుతుంది. నేను మొదటిసారి ఉత్సాహంతో తొమ్మిది రకాలు పెట్టాను. అయిదోదాని తర్వాత ఎవరికీ ఏ తేడా తెలియలేదు, రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మూడింటినీ ఏదో ఒక వరసలో ఎంచుకోండి. ఒకే రకం, మూడు ప్రాంతాలు తీసుకోవచ్చు. ఉదాహరణకు అస్సాం, డార్జిలింగ్, నీలగిరి బ్లాక్ టీలు. లేదా ఒకే వాసన, మూడు కంపెనీలు. లేదా ఏ వాసనా పట్టించని టీ ఒకటి, అదే టీకి మల్లె వాసన పట్టించినది ఒకటి, నిమ్మ వాసన పట్టించినది ఒకటి. నాకు ఈ మూడోది అన్నిటికంటే ఇష్టం. అడుగున ఉన్న టీ ఎలాంటిదో, పైన చేరిన వాసన ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

ఇక్కడ దొరుకుతాయా?

మామూలు ఫ్లేవర్లు పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉంటాయి. విడి టీ పొడి, మంచి యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క కావాలంటే వన్‌టౌన్ వైపు కిరాణా కొట్లకు వెళ్లండి. డార్జిలింగ్ లాంటివి ఆన్‌లైన్‌లో చిన్న ప్యాకెట్లు తెప్పించుకుని ముగ్గురు నలుగురు పంచుకోవడం మేలు.

ఎంత టీ, ఎన్ని నీళ్లు, ఎంతసేపు?

పోల్చేటప్పుడు ఒకటే నియమం, అన్ని కప్పులకూ ఒకే కొలత. టీ రుచి చూడటానికి ఐఎస్ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మొదట 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల టీ, 6 నిమిషాలు నానాలి అంటుంది. తాగడానికి అది చాలా ఘాటు. లోపాలు బయటపడాలని అలా పెట్టారు. ఇంట్లో 150 మిల్లీలీటర్లకు 2 గ్రాములు వేసి, బ్లాక్ టీని 3 నుంచి 4 నిమిషాలు, గ్రీన్ టీని 2 నిమిషాలు ఉంచితే చాలు.

చెంచాతో కొలవకండి. సీటీసీ పొడి బరువుగా ఉంటుంది, ఆకు టీ దూదిలా తేలిగ్గా ఉంటుంది. ఒకే చెంచాడు వేసినా బరువు సగానికి సగం తేడా వస్తుంది. తర్వాత "ఈ ఆకు టీ పలచగా ఉంది" అని దాని మీద నింద వేస్తాం. వంటింటి చిన్న డిజిటల్ తూకం ఉంటే ఈ ఇబ్బంది పోతుంది.

కప్పులు లోపల తెల్లగా, అన్నీ ఒకే రకంగా ఉండాలి. స్టీలు గ్లాసులో రంగు తెలియదు. నానేటప్పుడు పైన మూత పెట్టండి, మూత తీయగానే మొదటి ఆవిరి వాసన చూడండి. సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

గ్రీన్ టీ ఎప్పుడు చేసినా చేదుగా వస్తోంది. నాసిరకమా?

చాలాసార్లు తప్పు టీది కాదు, నీళ్లది. సలసల మరిగే నీళ్లు పోస్తే గ్రీన్ టీలోంచి చేదు, వగరు ఒక్కసారిగా దిగిపోతాయి. 80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. మూడు వంతులు మరిగే నీళ్లు, ఒక వంతు బిందెలోని మామూలు నీళ్లు కలపండి. మన ఊళ్లో బిందె నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి లెక్క దాదాపు సరిపోతుంది.

ఏ నీళ్లు వాడాలి?

తేడా చూడాలంటే ఒకసారి ఒకే టీని కుళాయి నీళ్లతో, బోరు నీళ్లతో, ఆర్వో నీళ్లతో చేసి పక్కపక్కన పెట్టండి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే టీ రంగు మందగిస్తుంది, పైన సన్నటి తెట్టు కడుతుంది, వాసన అణిగిపోతుంది. లవణాలు బొత్తిగా తీసేసిన ఆర్వో నీళ్లతో టీ చప్పగా అనిపిస్తుంది. మా ఇంట్లో మున్సిపల్ కృష్ణ నీళ్లను ఫిల్టర్ చేసి కాస్తే అన్నిటికంటే బాగా వచ్చింది. మీ వీధి నీళ్లు వేరు కావచ్చు, మీ నాలుకతోనే తేల్చుకోండి. ఒకసారి మరిగించి చల్లార్చిన నీళ్లు మాత్రం వద్దు.

పాలు, పంచదార లేకుండా తాగాలంటే బాధగా ఉంది. తప్పదా?

మొదటి రెండు గుక్కలు అలాగే తాగండి, తర్వాత మీ ఇష్టం. పాలలో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ టీలోని వగరు పదార్థాల్ని పట్టుకుంటుంది. అందుకే పాల టీ మెత్తగా దిగుతుంది. ఆ మెత్తదనం కింద టీల మధ్య తేడాలు కూడా మునిగిపోతాయి.

పాల టీలనే పోల్చాలనుకుంటే అదీ మంచి పనే, చిన్నచూపు అక్కర్లేదు. అన్నిటికీ ఒకే ప్యాకెట్ పాలు, ఒకే కొలత వాడండి. డికాషన్ విడిగా దించి, వేడి పాలు కొలిచి కలపండి. అన్నీ కలిపి మరిగిస్తే ఒక్కో గిన్నె ఒక్కోలా ఇగురుతుంది, పోలిక చెడిపోతుంది.

జుర్రుమని చప్పుడు చేస్తూ తాగాలంటున్నారు. నిజమా?

నిజమే. టీ వేలం కేంద్రాల్లో వృత్తిగా రుచి చూసేవాళ్లు చెంచాతో పెద్దగా జుర్రుకుని, తర్వాత ఉమ్మేస్తారు. గాలితో పాటు లోపలికి లాగితే టీ తుంపరలుగా నోరంతా పరుచుకుంటుంది, వాసన నోటి వెనక నుంచి ముక్కులోకి వెళుతుంది. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం ఆ దారిలో వచ్చే వాసనే. ముక్కు మూసుకుని ఎర్ల్ గ్రే తాగి చూడండి, మామూలు బ్లాక్ టీలాగే ఉంటుంది. ముక్కు వదిలేయగానే నారింజ ప్రత్యక్షం. సాసర్‌లో పోసుకుని జుర్రుకునే తాతయ్యల్ని మనం ఊరికే విసుక్కున్నాం.

రుచిని చెప్పడానికి మాటలు రావడం లేదు. ఏం చేయాలి?

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకునేది ఇక్కడే. ప్యాకెట్ వెనక రాసిన మాటలు వదిలేయండి. వాళ్లు రాసే విదేశీ పళ్లను, పూలను మనలో చాలామంది ముట్టుకుని కూడా ఉండరు. వాటి పేర్లు పట్టుకుని వెతికితే నాకేమీ తెలియడం లేదని దిగులు పడతాం. టీ రుచి చెప్పడానికి కావలసిన మాటలు మన వంటింట్లో ఉన్నాయి.

ముందు వగరు సంగతి చూడండి. ఇంగ్లిష్‌లో చెప్పబోతే చాలామంది చేదునూ వగరునూ కలిపేస్తారు. ఉగాది పచ్చడి తిని పెరిగిన మనకు ఆ అయోమయం లేదు. వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు. చేదు నాలుక మీద తెలుస్తుంది. వగరు నోటిని బిగదీస్తుంది, పచ్చి వక్క నమిలినట్టు చెంపల లోపల పట్టేస్తుంది. టీని అంచనా వేయడానికి ఈ ఒక్క మాట తెలిస్తే సగం పని అయినట్టే. ఏ టీలో వగరు ఎంతసేపు ఉంది? పచ్చి అరటికాయలా పట్టేసి వదలనిదా, నేరేడుపండులా పట్టి తీపిగా వదిలేదా?

ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే తియ్యగా ఉంటుంది కదా, కొన్ని మంచి ఊలాంగ్ టీలు గొంతు దిగాక అలాంటి తీపిని వదులుతాయి. మా నోట్సులో దానికి "ఉసిరి తీపి" అని పేరు పెట్టుకున్నాం. కొన్ని గ్రీన్ టీలకు పసరు వాసన, కొన్నిటికి ఉడికించిన తోటకూర వాసన. అస్సాం టీకి బెల్లం పాకం వాసన. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే డార్జిలింగ్ తొలి కోత లేతగా పచ్చిగడ్డిలా, మే, జూన్‌లో వచ్చే రెండో కోత ద్రాక్షలా ఉంటాయి. పాతబడిన టీకి గోనెసంచి వాసన, ఇది అందరూ ఒకే మాటగా చెప్పారు.

పేరు చూశాక ఖరీదైనదే బాగుందనిపిస్తోంది. ఎలా తప్పించుకోవాలి?

పేర్లు దాచేయండి. కప్పుల అడుగున అంకెలు అంటించి, టీ కలిపినవాళ్లు కాక వేరేవాళ్లు వరస మార్చి పెట్టాలి.

తేడా నిజంగా తెలుస్తోందా లేదా అన్నది తేల్చడానికి మూడు కప్పుల పరీక్ష ఉంది. రెండు కప్పుల్లో ఒక టీ, మూడోదాంట్లో ఇంకో టీ పోసి, వేరుగా ఉన్నది ఏదో చెప్పమంటారు. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారితో నమ్మకండి. అయిదారుసార్లు చేయండి.

ఈ పరీక్షల వెనక మంచి కథ ఉంది. ఇంగ్లండ్‌లో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనంది. సంఖ్యాశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ దీన్నే ఆధారం చేసుకుని, నాలుగు అలా, నాలుగు ఇలా కలిపిన ఎనిమిది కప్పుల పరీక్షను వివరించాడు. ఊహతో ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. 1935లో ఆయన రాసిన ఈ లెక్క ప్రయోగాలు ఎలా చేయాలో నేర్పే పాఠాల్లో ఇప్పటికీ ఉంది. నూజివీడు, నందిగామల్లో చదువుకున్న మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జ్‌లో ఈ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. ఈ మాట చెప్పినప్పుడల్లా లెక్కలు చెప్పే మా మాస్టారి ముఖం వెలిగిపోతుంది.

రుచి చూసే ముందు ఏం తినకూడదు?

కారం. మధ్యాహ్నం ఆవకాయ, కారప్పొడి తిన్నామంటే కనీసం రెండు గంటలు ఆగాలి. మిరప మంట రుచి కాదు, నొప్పి. ఆ నొప్పి ఉన్నంతసేపు సన్నటి వాసనలు అందవు. కిళ్లీ, వక్కపొడి కూడా వద్దు. అప్పుడే పళ్లు తోముకుని రావద్దు, పేస్టులోని నురగ పదార్థం రుచుల్ని తారుమారు చేస్తుంది.

గదిలో అగరొత్తులు, సెంట్లు ఉండకూడదు. తలలో మల్లెపూలు పెట్టుకుని వస్తే ప్రతి టీ జాస్మిన్ టీయే అవుతుంది, మా తోడికోడలి విషయంలో ఒకసారి అలాగే జరిగింది. మధ్యమధ్యలో ఉప్పు లేని మరమరాలు నాలుగు, గుక్కెడు గోరువెచ్చని నీళ్లు. తేలికైన టీతో మొదలుపెట్టి ఘాటైనదాన్ని చివర పెట్టండి. పొగ టీ ఎప్పుడూ ఆఖరిదే.

జాస్మిన్ టీ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, వేసవిలో బెజవాడలో ఉన్నవాళ్లు తప్పకుండా చేయాలి. చైనాలో జాస్మిన్ టీకి వాడే జాస్మినం సంబక్ మన మల్లె జాతే. మల్లెమొగ్గ చీకటి పడ్డాక విచ్చుకుంటూ వాసన వదులుతుంది, ఎండు తేయాకు ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. ఈ రెండు గుణాల్ని కలిపితే జాస్మిన్ టీ.

కుండీలో మీరు పెంచుకున్న మల్లెలే వాడండి. బజారు పూల మీద పురుగుమందు కొట్టి ఉండవచ్చు, అవి నోట్లోకి వెళ్లకూడదు. సాయంత్రం నాలుగైదు గంటలకు, రాత్రికి విచ్చుకునే తెల్లటి మొగ్గలు కోయండి. వాసన లేని శుభ్రమైన స్టీలు డబ్బాలో ఒక పొర గ్రీన్ టీ, ఒక పొర మొగ్గలు పరచి పైన పల్చటి గుడ్డ కట్టండి. తెల్లారగానే పూలన్నీ ఏరేయండి, వాడిన పూలు ఉండిపోతే చేదు వస్తుంది. పూల తడి టీకి పట్టి ఉంటుంది కాబట్టి అతి సన్నటి సెగ మీద, లేదా ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. సాయంత్రం కొత్త మొగ్గలతో మళ్లీ. మూడు రాత్రులు చేస్తే కప్పులో వాసన నిలుస్తుంది. మొదటి రాత్రి టీ కొంచెం, రెండో రాత్రిది కొంచెం తీసి దాచుకుంటే మూడూ పోల్చవచ్చు.

అల్లం టీలో పాలు విరిగిపోతున్నాయి. బెల్లం టీలో కూడా.

పచ్చి అల్లంలో ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగించండి, పాలు తర్వాత. బెల్లం అయితే టీ దించి, ఒక నిమిషం ఆగి కలపండి. మళ్లీ స్టవ్ మీద పెట్టకండి.

శంఖుపుష్పం టీ రంగు మారుతుందట కదా?

మారుతుంది. నీలం కప్పులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే వంగపండు రంగుకు, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతుంది. పువ్వులోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు పులుపు తగిలితే రంగు మార్చుకుంటాయి. చూడటానికి పిల్లలకు ఎంతో ఇష్టం. రుచి మాత్రం చాలా తక్కువ.

ఎలా దాచాలి?

గాలి చొరని, వెలుతురు పడని డబ్బాలో, స్టవ్‌కు దూరంగా. ఒక్కో టీకి ఒక్కో డబ్బా. పోపుల పెట్టె పక్కన, ఇంగువ దగ్గర అసలు పెట్టకండి. మంచి డార్జిలింగ్ ప్యాకెట్ ఒకటి నేను అలాగే పాడుచేసుకున్నాను, తాగితే సాంబారు గుర్తొచ్చింది. గుంటూరులో ఇంట్లో మిరపకాయలు నిల్వ ఉంచేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వానాకాలంలో తేమ పట్టకుండా తడి చెంచా పెట్టవద్దు. ఫ్లేవర్డ్ టీల వాసన ముందుగా పోతుంది, కాబట్టి ఆరు నెలల్లో తాగేయగలిగినంతే కొనండి.

డబ్బాలో ఘుమఘుమలాడింది, కప్పులో ఏమీ లేదు. మోసపోయామా?

నాకూ ఒకసారి ఒక దుకాణంలో ఇలాగే అయింది. మూత తీస్తే స్ట్రాబెర్రీ గుబాళించింది, తాగితే చప్పటి వేడినీళ్లు. పైపైన చల్లిన వాసన తొందరగా ఎగిరిపోతుంది, అడుగున ఉన్న టీ నాసిగా ఉంటే ఇక మిగిలేదేమీ లేదు. అందుకే పొడి వాసన, నానిన ఆకు వాసన, కప్పు వాసన మూడూ వేరువేరుగా చూడండి.

రంగు కల్తీ అనుమానం ఉంటే వడపోత కాగితం మీద కొంచెం పొడి పరచి, నీళ్లు చిలకరించి, కాసేపాగి కాగితాన్ని కడిగి వెలుగుకు ఎత్తి చూడండి. రంగు మరకలు ఉండిపోతే కల్తీ జరిగినట్టు. ఇనుప రజను కోసం అయస్కాంతం తిప్పి చూడవచ్చు.

ఎండల్లో వేడి టీలు ఎవరు తాగుతారు?

లీటరు చల్లటి నీళ్లలో 10 గ్రాముల టీ వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న వడకట్టండి. చల్లటి నీళ్లలో చేదు, వగరు తక్కువగా దిగుతాయి కాబట్టి తియ్యగా తోస్తుంది. మే నెలలో మేం ఇలాగే పోలుస్తాం. ఒకే రోజులో తాగేయాలి.

ఎవరు తక్కువ తాగాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగవద్దని కూడా చెప్పారు, టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆహారంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్లు ఇది గట్టిగా పాటించాలి. గర్భిణులు డాక్టరును అడిగే కూర్చోవాలి. పిల్లలకు శంఖుపుష్పం చాలు.

ఒకే టీకి ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు. ఎవరు రాసింది సరి?

అందరూ రాసేదాకా ఎవరూ పైకి చెప్పకూడదని నియమం పెట్టుకోండి. ఒక్కరు "పువ్వు వాసన" అన్నారంటే మిగతావాళ్లకూ పువ్వే తోస్తుంది. చీటీల మీద తేదీ, కప్పు అంకె, రంగు, వాసన, వగరు, గొంతు దిగాక మిగిలింది, మళ్లీ తాగుతారా లేదా, ఇంతే రాయాలి. తర్వాత చదవండి.

మొన్న పొగ టీకి మా పిన్ని "కట్టెల పొయ్యి మీద కాగిన పాలు" అని రాసింది. మాస్టారు "దీపావళి మర్నాటి వీధి" అని రాశారు. అత్తయ్య "కాల్చిన వంకాయ, మళ్లీ వద్దు" అని రాసింది. మూడు చీటీలూ పుస్తకంలో ఒకే పేజీలో అంటించాను. వచ్చే నెల అదే టీని పేరు చెప్పకుండా మళ్లీ పెడతాను.